గాజు సీసాలో బుజ్జమ్మ

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి ముచ్చటేం కాదు, వీడియో కాల్ చేస్తే మా అమ్మ మొహంలో నుదురు ఒక్కటే కనిపించే రోజుల్లో (ఇప్పటికీ అంతే అనుకోండి, ఫోన్లు మారాయి గానీ ఆవిడ ఫోన్ పట్టుకునే తీరు మారలేదు), నేను దోహాలో ఒక బేకరీలో హెల్పర్‌గా ఉండేవాణ్ణి. ఆ వయసులో మనిషికి తనకు తెలియనిది ఒకటుందని తోచదు. నాకూ తోచలేదు. రొట్టె అంటే పిండి, నీళ్లు, నిప్పు, అందులో తెలుసుకోవడానికి ఏముందిలే అనుకునేవాణ్ణి. అలాంటి నన్ను ఒక గాజు సీసా కూర్చోబెట్టి ఏడిపించి, నోరెళ్లబెట్టించి, చివరికి చేతులెత్తి దండం పెట్టించింది. ఇన్నేళ్లయినా ఆ సీసా తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. కల్లు గీసే ఇల్లు. తాత గీశాడు, బాపు గీశాడు. నా వంతు వచ్చేసరికి బాపు నడుముకు కట్టుకునే మోకు తీసి అటక మీద పారేసి, ఇంక ఈ ఇంట్లో ఎవరూ దీన్ని ముట్టొద్దన్నాడు. దుబాయి పోయి నీడపట్టున పని చేసుకొమ్మన్నాడు. (మా ఊళ్లో ఖతారైనా, కువైటైనా, మస్కటైనా అన్నీ దుబాయే.) నీడపట్టున అనుకుంటూ దిగిన నన్ను కంపెనీవాళ్లు బర్వా అల్ బరాహా క్యాంపులో పడేసి, పొద్దున లేస్తే సైటు మీద ఇనుప చువ్వలు కట్టే పనికి పంపించారు. ఆ ఎండలో చువ్వ పట్టుకుంటే చెయ్యి దానికే అతుక్కుపోతుందేమో అనిపించేది. తాటిచెట్టు ఎక్కడమే నయం, పైన కనీసం గాలైనా ఉంటుంది అని లోపల్లోపల ఏడ్చుకునేవాణ్ణి. మా కంపెనీ వాళ్లకే అల్ మన్సూరాలో ఒక బేకరీ ఉండడం, అక్కడ పిండి మూటలు మోసేవాడు సెలవు మీద ఊరికెళ్లి మళ్లీ రాకపోవడం నా పూర్వజన్మ సుకృతం. నన్ను అక్కడికి మార్చారు. పడుకోవడానికి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక పాత విల్లాలో గది ఇచ్చారు. అదే గదిలో ఒక కడప జిల్లా ఆయన ఉండేవాడు. ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. డ్రైవరన్న అనేవాణ్ణి.

బేకరీలో పెద్ద తలకాయ మాస్టారు. గోదావరి జిల్లా మనిషి, మాట్లాడ్డం మొదలుపెడితే పొయ్యిలో రొట్టె మాడినా ఆపడు. మామూలు రొట్టెలకు అందరిలాగే పొట్లంలో వచ్చే ఈస్టు వాడేవాడు. కానీ ఒక రకం రొట్టె ఉండేది, పైన గట్టిగా, లోపల మెత్తగా, కొంచెం పుల్లగా. దాని కోసం కార్లు వచ్చి బయట హారన్లు కొడుతుండేవి. ఆ రొట్టెకు పొట్లం పనికిరాదు. దానికోసం అలమారులో ఒక గాజు సీసా ఉండేది. ఆలుగడ్డ ఉడకేసిన నీళ్లు, గుప్పెడు పిండి, చిటికెడు చక్కెర, వాటిలో ఎప్పటినుంచో బతుకుతున్న ఈస్టు. మాస్టారు దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టాడు. సర్వీసులో తనకంటే సీనియరు అని, తన గురువు చేతుల మీదుగా తనకు వచ్చిందని గొప్పలు పోయేవాడు.

మొదట నేను నవ్వాను. బుజ్జమ్మేంటి, బువ్వ తినడమేంటి అని. ఒక పొద్దున ఆయన నన్ను పిలిచి, సీసాకు చెవి ఆనించి వినమన్నాడు. విన్నాను. లోపల చిటపటమని సన్నటి చప్పుడు. చెయ్యి పెడితే సీసా గోరువెచ్చగా ఉంది, జ్వరం తగ్గుతున్న పసిపిల్ల ఒళ్లులాగా. అడుగునుంచి బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచి వచ్చి పైన నురగలో కలుస్తున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, కింద మంట లేదు.  ఇంత ప్రాణం ఈ పిండి నీళ్లలో ఎక్కడ దాక్కుంది దేవుడా అనుకున్నాను. అప్పటినుంచి డ్యూటీకి రాగానే, ఎవరూ చూడకుండా ఒకసారి దానికి చెవి ఆనించి వెళ్లడం అలవాటైపోయింది.

ఇలా ఉండగా మాస్టారికి మోకాలి ఆపరేషనుకు సెలవు దొరికింది. పోయేముందు బుజ్జమ్మను నా చేతుల్లో పెట్టాడు, ఆడపిల్లను అప్పగింతలు పెట్టినట్టు కళ్లు తుడుచుకుంటూ.

"ఒరే అబ్బాయ్, వెచ్చగా ఉంచితే ఆడుతుంది, చల్లగా ఉంచితే ముడుచుకుంటుంది. ఆకలేస్తే పుల్లటి వాసనేస్తుంది, అప్పుడు కొంచెం బువ్వ పెట్టు. మూత మాత్రం బిగించకు. బిగించావంటే నీ మొహాన ఉమ్ముతుంది" అన్నాడు.

మేనేజరు, అందరం ముదీర్ అని పిలిచే సిరియా ఆయన, పక్కనే నిలబడి విని, తన మాట కూడా ఒకటి చేర్చాడు. మాస్టారు వచ్చేదాకా రొట్టె ఇలాగే ఉంటే నన్ను బేకరీలోనే ఉంచుతాడట, రొట్టె చెడిందంటే మళ్లీ సైటుకే. ఖలాస్.  బుజ్జమ్మ బతికితే నాకు నీడ, లేకపోతే ఎండ. అంతే లెక్క.

మొదట్లో అంతా బాగానే నడిచింది. రోజూ బువ్వ పెడుతున్నాను, రొట్టె పొంగుతోంది, కార్లు హారన్లు కొడుతున్నాయి. నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. ఇంతలో బేకరీకి పురుగుల మందు కొట్టించాల్సి వచ్చింది. గురువారం మధ్యాహ్నం మూసి శనివారం పొద్దున తెరుస్తామన్నారు. లోపల తినే వస్తువు ఏదీ ఉండకూడదు. బుజ్జమ్మను ఎక్కడ పెట్టాలి? నాతోనే రూముకు తెచ్చుకున్నాను, బస్సులో ఒళ్లో పెట్టుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటూ. పక్క సీటు ఫిలిప్పీన్స్ ఆవిడ సీసా వైపు, నా వైపు చూసి, లేచి వెనక్కి వెళ్లి కూర్చుంది.

రూములో డ్రైవరన్న సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి వాసన పీల్చి, మంచం చివరికి జరిగిపోయాడు.

"ఏం తెచ్చినావురా సామీ రూముకు. ఇది సారాయంగడి వాసన. ఈడ ఇట్లాంటిది దొరికితే టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తారు. నాకు ఇంగా ఇంటి పునాది గూడా పూర్తి కాలేదబ్బా" అన్నాడు.

ఇది తాగేది కాదు, రొట్టెలో వేసేది అని ప్రమాణాలు చేస్తే సగం నమ్మాడు. మిగతా సగానికి దుప్పటి ముసుగు కప్పుకుని పడుకున్నాడు.

ఇక్కడ నా తెలివి మొదలైంది. దోహా ఎండకు బుజ్జమ్మ వడదెబ్బ తింటుందేమోనని సీసాను సరిగ్గా ఏసీ కింద, చల్లగాలి తగిలేచోట పెట్టాను. మనిషికి ఏసీ సుఖమైతే దానికి మాత్రం కాదా? శుక్రవారం పొద్దున చూస్తే చప్పుడు లేదు, బుడగ లేదు. పాపం ఆకలేసి ఉంటుందని ఒక చెంచా చక్కెర వేశాను. కదల్లేదు. అలిగిందేమోనని ఇంకో చెంచా వేశాను. చివరికి ఉన్న చక్కెరంతా కుమ్మరించి, ఇంకా కావాలేమోనని కొనడానికి బయల్దేరాను. పోతూ పోతూ, బొద్దింకలు దూరతాయేమోనని మూత గట్టిగా బిగించాను. (మాస్టారు చెప్పిన మాటల్లో అన్నీ గుర్తున్నాయి, అదొక్కటి తప్ప. బుద్ధి గడ్డి తింటే ఇలాగే తింటుంది.)

నేనలా వెళ్లాను, డ్రైవరన్న ఇలా వచ్చాడు. ఆయనకు జలుబు. తుమ్ముతూ వచ్చి ఏసీ ఆపేశాడు. లాండ్రీలో తీసుకున్న వాళ్ల కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) తెల్ల తోబులు, ఆ పొడుగాటి చొక్కాలు, హ్యాంగర్లతో సహా కిటికీకి తగిలించాడు. గది వేడెక్కింది. చలికి ముడుచుకున్న బుజ్జమ్మకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే చుట్టూ పెళ్లి విందంత చక్కెర, పైన బిగించిన మూత. నేను తిరిగొచ్చాను. ఇద్దరం పేపరు పరుచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాం. సీసా లోపల ఏదో కుతకుతలాడుతున్నట్టు వినిపించి తల తిప్పాను. అంతే, ఢామ్మని మూత లేచి పైకప్పుకు తగిలి డ్రైవరన్న పప్పులో పడింది. దాని వెనకే నురగ, తెల్లటి నురగ, పొంగుతూనే ఉంది, ఆగదే! పైకప్పు మీద, గోడ మీద, నా నెత్తి మీద, అన్నిటికంటే ముఖ్యంగా తోబుల మీద. డ్రైవరన్న ముద్ద చేతిలో అలాగే పట్టుకుని తోబుల వైపు చూస్తూ ఉండిపోయాడు. గదంతా కల్లు వాసన. సరిగ్గా మా బాపు పొద్దున్నే చెట్టు దిగి ఇంట్లోకి వచ్చినప్పుడు వచ్చే వాసన. ఆ గందరగోళంలో కూడా నాకు బాపు గుర్తొచ్చాడు.

సాయంత్రమంతా గోడలు తుడిచాం, తోబులు నీళ్లలో జాడించి ఆరేసి డ్రైవరన్న తన పాత ఇస్త్రీ పెట్టెతో తంటాలు పడ్డాడు. సీసాలో సగమే మిగిలింది. శనివారం పొద్దున చూసుకుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. బుడగ లేదు, నురగ లేదు, చప్పుడు లేదు. పైన తేటగా నీళ్లు, అడుగున తెల్లగా, కదలకుండా పేరుకున్న పిండిలాంటిది. చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. బుజ్జమ్మ చచ్చిపోయింది. ఎప్పటిదో, మాస్టారి గురువు కాలందో, నా చేతిలో పడి చచ్చిపోయింది. నాకు ముందు సైటు గుర్తు రాలేదు, నమ్మండి నమ్మకపోండి. అది రోజూ నా చెవిలో చేసిన చిటపట గుర్తొచ్చింది. మంచం మీద కూర్చుని సీసా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. సైటు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడింకా గట్టిగా ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే ముదీర్ ఫోన్ చేసి డ్యూటీకి ఎందుకు రాలేదని అడిగాడు. ఇక్కడ నా అరబ్బీ గురించి ఒక మాట చెప్పాలి. నాకు వచ్చిన మాటలు యల్లా (పద), హాదా (ఇది), మాఫీ (లేదు), ఫులూస్ (డబ్బులు), ఖలాస్ (అయిపోయింది). వీటితోనే ఈ దేశంలో బతకొచ్చని నా నమ్మకం. ఈస్టును ముదీర్ ఖమీరా అంటాడని తెలుసు. క్యాంపులో దిగిన మొదటి రోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఏవేవి ముట్టకూడదో చెప్పినప్పుడు విన్న మాట ఇంకొకటుంది, ఖమర్ అని. ఖమర్ అంటే మందు, సారా, బీరు, అన్నీ. ఏడుపులో నా నాలుక ఖమీరాలోని దీర్ఘాలు రెండూ మింగేసింది.

"సార్, రూం మే బహుత్ ఖమర్ థా. ఊపర్ ఖమర్, దీవార్ పే ఖమర్, డ్రైవర్ కే కప్డే పే ఖమర్. అభీ ఖమర్ ఖలాస్, సార్" అని వెక్కుతూ చెప్పాను. గదిలో చాలా మందు ఉండేదని, పైనా గోడ మీదా డ్రైవరు బట్టల మీదా మందేనని, ఇప్పుడంతా అయిపోయిందని.

 ముదీర్, గదిలోంచి కదలొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు, తాను వస్తున్నానని చెప్పి పెట్టేశాడు. డ్రైవరన్న నా మాటలు విని మంచం మీద నిలువునా కూలబడ్డాడు. ఖమర్ అన్నావు కదరా, ఖమర్ అన్నావు కదరా అని అదే జపం. నాకు ఏమన్నానో కూడా అర్థం కాలేదు. దిక్కుతోచక అమ్మకు వీడియో కాల్ చేశాను. నుదురు కనిపించింది. ఏడుస్తూ అంతా చెప్పాను, సీసా కెమెరాకు చూపించాను. మొదటిసారి ఫోన్‌లో అమ్మ నుదురు పైకి జరిగి, కళ్లు, ముక్కు, మొత్తం మొహం కనిపించింది, సీసాను చూడడానికి అంత దగ్గరికి వచ్చింది. చూసి, అమ్మ నవ్వింది.

"సచ్చుడు గాదు కొడుకా, పండుకున్నది. తిన్నది, ఆడింది, అలిసి పండుకున్నది. అడుగుకు దిగింది సూడు, అది మడ్డి. మీ బాపు పొద్దుగాల లొట్టిల కల్లు వంపినంక మడ్డి అట్లనే ఉంచి మల్ల చెట్టుకు కడుతుండె, యాది లేదా? కొత్త కల్లుకు పాత మడ్డే తల్లి. పై నీళ్లు పారబోసి, జరంత గోరువెచ్చటి నీళ్లల్ల బువ్వ వెట్టు. ఏసీ బందు వెట్టు."

నేను చూసి పెరిగిందే. లొట్టి, అదే కల్లు కుండ, అడుగున తెల్లటి మడ్డి, దాని మీదే మళ్లీ పడే తీపి నీరు, పొద్దెక్కేసరికి నురగ. కళ్ల ముందు రోజూ జరిగింది, ఒక్కనాడూ చూడలేదు. పై నీళ్లు వంచేశాను. ఆలుగడ్డ ఉడకేసి, ఆ నీళ్లు చల్లార్చి, వేలుతో చూసి, పిండి కలిపి పోశాను. ఈసారి చక్కెర చిటికెడే వేసి, మూత బదులు పల్చటి గుడ్డ కప్పాను. ఏసీ ఆపాను. డ్రైవరన్న చెమటలు కక్కుతూ పేపరుతో విసురుకున్నాడు. ఇద్దరం సీసా ముందు కూర్చున్నాం, పురిటి గది బయట కూర్చున్నట్టు. ఏమీ జరగలేదు. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

ముదీర్ వచ్చాడు. తలుపు తెరవగానే కల్లు వాసన ఆయన మొహానికి కొట్టింది. పైకప్పు మీద మరక చూశాడు. జలుబుకు ఎర్రబడ్డ డ్రైవరన్న కళ్లు చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన నా మొహం చూశాడు. ఇంకేం కావాలి? ఎక్కడుంది అని మెల్లగా అడిగాడు. నేను రెండు చేతులతో సీసా ఎత్తి చూపించి, "హాదా ఖమర్, సార్" అన్నాను.

ఆయన సీసాను చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ సీసాను చూశాడు. గుర్తుపట్టాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు, ఎందుకంటే అప్పుడే, నా చేతుల్లోనే, అడుగునుంచి ఒక్క బుడగ లేచింది. సన్నది, ఆవగింజంత. వచ్చి పైన విచ్చుకుంది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అడుగున పేరుకున్న తెలుపంతా ఒక మూలనుంచి కదిలి, పొగలాగా పైకి లేవడం మొదలుపెట్టింది. ముగ్గురం సీసా చుట్టూ తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. చెవి ఆనిస్తే చిటపట. అదే చిటపట. చచ్చిందనుకున్నది ఎవరూ పిలవకుండా తనంతట తనే లేచి వస్తోంది. ముదీర్ చాలా నెమ్మదిగా సుబ్‌హానల్లా అన్నాడు. డ్రైవరన్న గోవిందా గోవిందా అన్నాడు. నాకు ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు, ఊరికే దండం పెట్టాను. సీసా చేతిలో ఉండగా దండం ఎలా పెట్టానని అడక్కండి, పెట్టాను.

తర్వాత ముదీర్ నవ్విన నవ్వుకు పక్క గదులవాళ్లు వచ్చి తొంగిచూశారు. కళ్లు తుడుచుకుని, ఇది ఖమీరా, ఖమర్ కాదని, ఆ మాట ఇంకెక్కడైనా అన్నావంటే నిన్ను నేనే విమానం ఎక్కిస్తానని చెప్పాడు. అయినా రెండూ ఒక తల్లి బిడ్డలేనట, అరబ్బీలో రెండు మాటలూ ఒకచోట నుంచే పుట్టాయట. లొట్టిలో అదే, సీసాలో అదే అని అమ్మ చెప్పిందీ, ఈయన చెప్పిందీ ఒకటే అని తోచి నాకు మళ్లీ ఒళ్లు జలదరించింది. మర్నాడు రొట్టె పొంగింది. కార్లు హారన్లు కొట్టాయి. సైటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తోబుల సంగతి అడుగుతారేమో, పిండి నీళ్లు పట్టిన బట్టలు ఇస్త్రీకి అట్టల్లా నిగడదన్నాయి. గంజి ఇంత బాగా ఏ లాండ్రీలో పెట్టారని కఫీల్ అడిగాడట. డ్రైవరన్న నేటికీ ఆ లాండ్రీ పేరు చెప్పలేదు.

మాస్టారు కుంటుకుంటూ తిరిగొచ్చి, ముందు సీసాకు చెవి ఆనించి, తర్వాత రొట్టె విరిచి వాసన చూశాడు. బుజ్జమ్మ కొంచెం ఒళ్లు చేసిందిరా, ఏం పెట్టావు అన్నాడు. బువ్వే పెట్టానన్నాను.

ఇప్పుడాయన ఊళ్లో ఉన్నాడు, సీసా నా దగ్గరుంది. కల్లు లొట్టి ముట్టొద్దని మా బాపు సముద్రం దాటించిన కొడుకు, సముద్రం అవతల రోజూ చేసేది మడ్డి కాపాడడమే. బాపు ఉంటే నవ్వేవాడో, తిట్టేవాడో. అమ్మ మాత్రం ఫోన్ చేస్తే నేను తిన్నానా లేదా అని తర్వాత అడుగుతుంది, ముందు నీ మడ్డి మంచిగున్నదా అని అడుగుతుంది. మంచిగున్నదే అని సీసా చూపిస్తాను. ఒక్కోసారి అప్పుడది పని ముగించి, తేటపడి, చప్పుడు లేకుండా అడుగున ఉంటుంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ గదిలో ఆ సీసా ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చిన కుర్రాడు అప్పుడు నా పక్కనే కూర్చున్నట్టుంటుంది. వాడి వీపు మీద చెయ్యి వేసి చెప్పాలనిపిస్తుంది, ఏడ్వకురా పిచ్చోడా, అది పండుకున్నది.